ఒంటరిగా వియత్నాం: రెండు రాత్రులే బుక్ చేసుకుని వెళ్లడం, హాస్టల్‌లో స్నేహితుల్ని సంపాదించుకోవడం ఎలా?

"ఒక్కడినే వెళ్తే బోర్ కొట్టదా?", "ఆడపిల్లని, హాస్టల్లో ఒక్కదాన్నే ఉండొచ్చా?", "నా ఇంగ్లిష్‌తో నాతో ఎవరు మాట్లాడతారు?" విదేశానికి ఒంటరిగా వెళ్లాలనుకునేవాళ్లు నన్ను అడిగేవి అటు తిప్పి ఇటు తిప్పి ఈ మూడే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి వెళ్లేవాళ్లకు వియత్నాం చెప్తాను. మనకు ఈ-వీసా ఇంట్లో కూర్చునే వచ్చేస్తుంది. 2025 నుంచి హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాయి. హాస్టల్ అంటే ఇక్కడ విద్యార్థులది కాదు, ప్రయాణికులు చవకగా దిగే బస. అందులో చాలామంది పంచుకునే గదిని డార్మ్ అంటారు. డార్మ్‌లో బెడ్ మామూలు రోజుల్లో సుమారు 500 నుంచి 1000 రూపాయల్లో దొరుకుతుంది. దేశం పొడుగ్గా, సన్నగా ఉంటుంది కాబట్టి ప్రయాణికులంతా దాదాపు ఒకే దారిలో ఉత్తరం నుంచి దక్షిణానికో, దక్షిణం నుంచి ఉత్తరానికో వెళ్తుంటారు. ఉత్తరాన రాజధాని హనోయ్‌లో పరిచయమైన మనిషి నాలుగు రోజుల తర్వాత దేశం మధ్యలో ఉన్న హోయ్ ఆన్‌లో మళ్లీ ఎదురుపడటం అక్కడ మామూలు విషయం. స్నేహం కుదరడానికి ఇంతకంటే అనువైన దారి నాకు తెలియదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఎక్కువమంది పొరపాటు చేసేది మాట్లాడటంలో కాదు, బుకింగ్‌లో. పది రోజులకీ హోటళ్లు, బస్సులు, టూర్లు ముందే కట్టేసి వెళ్తారు. సాయంత్రం పక్క బెడ్ అమ్మాయి "రేపు నిన్ బిన్ వెళ్తున్నాం, వస్తావా?" అంటే, "రేపు నాకు హాలాంగ్ బే టూర్ బుక్ అయింది" అని చెప్పాల్సి వస్తుంది. అక్కడితో ఆ పరిచయం ఆగిపోతుంది. రేపు ఖాళీగా ఉన్నవాళ్లకే హాస్టల్లో స్నేహితులు దొరుకుతారు. కింద చెప్పేవన్నీ ఆ ఖాళీని కాపాడుకోవడానికే.

కావాల్సినవి

- కనీసం 6 నెలలు చెల్లుబాటు ఉన్న పాస్‌పోర్ట్, దాని జిరాక్స్‌లు రెండు
- ఈ-వీసా ప్రింట్ (ఫోన్లో ఉన్నా సరే, కాగితం మీద కూడా ఉంచుకోండి)
- రిటర్న్ టికెట్, మొదటి రెండు రాత్రుల బుకింగ్
- ఆసుపత్రి ఖర్చులు, అత్యవసరంగా తరలించే ఖర్చులు వచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్
- ఫోరెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు), ఇంకో బ్యాంకు కార్డు, కొన్ని కొత్త డాలర్ నోట్లు
- చిన్న తాళం. చాలా హాస్టళ్లలో లాకర్ ఉంటుంది, తాళం ఉండదు
- ఇయర్ ప్లగ్స్, కళ్లకు కట్టుకునే మాస్క్, తొందరగా ఆరే తువ్వాలు, బాత్రూమ్ చెప్పులు
- పవర్ బ్యాంక్, యూనివర్సల్ అడాప్టర్. మన రెండు పిన్నుల చార్జర్లు అక్కడ పడతాయి, మూడు గుండ్రటి పిన్నులవి పట్టవు
- ఒక పేకల కట్ట
- అందరికీ పంచగలిగే మన తినుబండారం ఒకటి: సకినాలు, పల్లీ చిక్కీ, గట్టి డబ్బాలో పెట్టిన పూతరేకులు

చివరి రెండూ సరదాకి రాయలేదు. ఎందుకో 5వ అంచెలో చెప్తాను.

1. నెల చూసుకోండి, తర్వాత టికెట్

ఏమీ బుక్ చేయకుండా వెళ్లడం అన్ని నెలల్లోనూ కుదరదు. వియత్నాం కొత్త సంవత్సరం 'తేత్' జనవరి చివరి నుంచి ఫిబ్రవరి 20లోపు వస్తుంది. 2027లో ఫిబ్రవరి 6న. ఆ వారం ముందూ వెనకా దేశమంతా సొంతూళ్లకు వెళ్తుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బస్సు దొరకనట్టే అక్కడా దొరకదు, చాలా హోటళ్లు, దుకాణాలు మూసేస్తారు. ఏప్రిల్ 30, మే 1 సెలవులు, సెప్టెంబరు 2 జాతీయ దినం చుట్టూ కూడా రద్దీగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో హువే, హోయ్ ఆన్ వైపు భారీ వానలు, వరదలు వస్తుంటాయి. డిసెంబరు, జనవరిలో ఉత్తరాన కొండల మీద స్వెట్టర్ లేకుండా ఉండలేరు. మొదటిసారికి మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి.

2. వీసా: తొందరపడొద్దు

2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎక్కువసార్లు రాకపోకలకు 50 డాలర్లు. మధ్యలో లావోస్‌కో కంబోడియాకో వెళ్లి మళ్లీ వచ్చే ఆలోచన ఏ మాత్రం ఉన్నా 50 డాలర్లదే తీసుకోండి. మూడు పనిదినాల్లో వస్తుందని చెప్తారు, మీరు రెండు వారాలు చేతిలో ఉంచుకోండి.

ఇక్కడ జరిగే తప్పులు:

- నకిలీ సైట్లు. వెతగ్గానే పైన కనిపించేవి చాలావరకు ఏజెంట్లవి, రెండు మూడు రెట్లు వసూలు చేస్తాయి. చిరునామా చివర 'డాట్ జీఓవీ డాట్ వీఎన్' ఉంటేనే ప్రభుత్వానిది.
- పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు కొందరికి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి అంతా కలిసి ఒకే వరుసలో ఉంటుంది. పాస్‌పోర్ట్ మొదటి పేజీ కింద బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి కదా, అందులో ఎలా ఉందో అలాగే రాయండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా విమానం ఎక్కనివ్వకపోవచ్చు.
- తేదీ. మీరు రాసిన ప్రవేశ తేదీ కంటే ముందు లోపలికి రానివ్వరు. అర్ధరాత్రి దాటాక దిగే విమానమైతే ఏ తేదీ అవుతుందో రెండుసార్లు లెక్కపెట్టుకోండి.

సరిచూసుకునే పద్ధతి: వీసా వచ్చాక పాస్‌పోర్ట్ పక్కన పెట్టి పేరు, నంబరు, పుట్టిన తేదీ, ప్రవేశ తేదీ, ఎన్నిసార్లు ప్రవేశం అన్న ఐదూ ఇంకొకరి చేత చదివించండి. మన తప్పు మన కంటికి కనిపించదు.

3. రిటర్న్ టికెట్ తప్పనిసరి

ప్లాన్ లేకుండా వెళ్లడమంటే కాగితాలు లేకుండా వెళ్లడం కాదు. ఒంటరిగా ఆగ్నేయాసియాకు వెళ్లే కుర్రాళ్లను మన ఎయిర్‌పోర్టుల్లోనే ఇమిగ్రేషన్‌వాళ్లు ప్రశ్నలు అడుగుతున్నారు. దానికి గట్టి కారణం ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన పిల్లల్ని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ఏజెంట్లను అరెస్టు కూడా చేశారు. కాబట్టి రిటర్న్ టికెట్, రెండు రాత్రుల బుకింగ్, ఇన్సూరెన్స్, ఫోరెక్స్ కార్డు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని, అడిగిందానికి ప్రశాంతంగా జవాబు చెప్పండి.

అలాగే హాస్టల్లో గానీ బస్సులో గానీ ఎవరైనా "సరిహద్దు అవతల మంచి జీతంతో ఉద్యోగం ఉంది, వారం చేసి చూడు" అంటే ఎంత మంచి మనిషిలా కనిపించినా అక్కడితో మాట ఆపేయండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం అస్సలు వద్దు.

4. హాస్టల్ ఎంచుకోవడం

సగం పని ఇక్కడే అయిపోతుంది. అన్ని హాస్టళ్లూ ఒకేలా ఉండవు. పార్టీ హాస్టళ్లలో రాత్రి రెండింటిదాకా సంగీతం ఆగదు. క్యాప్సూల్ హాస్టళ్లలో ప్రతి బెడ్‌కీ తెర ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది, కానీ ఎవరి గుహలో వాళ్లుంటారు. ఈ రెండిటి మధ్యలో, రాత్రి భోజనం అందరూ కలిసి చేసే హాస్టళ్లుంటాయి. మీకు కావాల్సింది అది.

ఎలా గుర్తుపట్టాలి? స్టార్ల కంటే ముందు గత రెండు నెలల రివ్యూలు చదవండి. 'ఫ్యామిలీ డిన్నర్', 'ఒంటరిగా వచ్చాను', 'వాకింగ్ టూర్' అనే మాటలు, పనిచేసేవాళ్ల పేర్లు తరచూ కనిపిస్తే మంచి గుర్తు. ఫోటోల్లో కామన్ రూమ్ చూడండి. పెద్ద బల్ల, దాని చుట్టూ కుర్చీలు ఉన్నచోట పరిచయాలవుతాయి. విడివిడి సోఫాలు, గోడకు పెద్ద టీవీ ఉన్నచోట ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు. గది 6 నుంచి 8 బెడ్లది తీసుకోండి. నలుగురి గదిలో మిగతా ముగ్గురూ ఒకే బృందమైతే మీరు బయటివాళ్లయిపోతారు. పన్నెండు మందిలో ఎవరు ఎప్పుడు వచ్చారో తెలియదు.

హనోయ్‌లో అయితే హోన్ కియెమ్ చెరువుకు ఉత్తరాన ఉన్న పాతబస్తీలో ఉండండి. నడిచి తిరగొచ్చు.

అమ్మాయిలకు: ఆడవాళ్లకు మాత్రమే అని విడి డార్మ్‌లు చాలాచోట్ల ఉంటాయి. కాస్త ఖర్చెక్కువైనా మొదటి రెండు రాత్రులు అందులోనే ఉండమని చెప్తాను. కామన్ రూమ్ అందరికీ ఒకటే కాబట్టి స్నేహాల విషయంలో పోయేదేమీ లేదు. రివ్యూల్లో అమ్మాయిలు రాసినవి విడిగా చదవండి. రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉంటారో లేదో మెసేజ్ పెట్టి అడగండి.

డార్మ్ అసలు పడదు అనుకునేవాళ్లు అదే హాస్టల్లో ప్రైవేట్ రూమ్ తీసుకోవచ్చు. నిద్ర మీ గదిలో, భోజనం అందరితో.

5. మొదటి సాయంత్రం

దీన్ని వృథా చేసుకోవద్దు. హనోయ్‌లోని నోయ్ బాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి 86 నంబరు బస్సు పాతబస్తీ వైపు వస్తుంది, లేదంటే మన ఓలా, ఉబర్ లాంటి గ్రాబ్ యాప్‌లో కారు. చెక్ ఇన్ మామూలుగా మధ్యాహ్నం రెండింటికి. సామాను లాకర్లో పెట్టి, స్నానం చేసి, గంటన్నర నిద్రపోండి. కానీ అయిదున్నరకల్లా కిందికి రండి. సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది మధ్య, బయట తిరిగొచ్చినవాళ్లు, అప్పుడే దిగినవాళ్లు కామన్ రూమ్‌లో ఉంటారు. "ముందు కాస్త అలవాటు పడి రేపు మాట్లాడదాం" అనుకుని ఆ సాయంత్రం మంచం మీద ఫోన్ పట్టుకుంటే మర్నాటికి బిడియం తగ్గదు, పెరుగుతుంది.

రిసెప్షన్‌లో అడగాల్సింది ఒక్కటే: "ఈ రాత్రి ఏముంది?" భోజనం ఉంటే పేరు రాయించుకోండి. అక్కడే "నేను ఒక్కడినే వచ్చాను, ఇంకెవరైనా ఒంటరిగా వచ్చినవాళ్లున్నారా?" అని అడగండి. పరిచయం చేయడం వాళ్ల రోజువారీ పని, సంతోషంగా చేస్తారు.

ఆ తర్వాత పెద్ద బల్ల దగ్గర కూర్చోండి. గోడకు ఆనుకున్న మూల కుర్చీ వద్దు. ఇయర్‌ఫోన్స్ తీసేయండి. మీ పేకలు బల్ల మీద పెట్టండి, సకినాల ప్యాకెట్ విప్పండి. ఎవరో ఒకరు "ఇదేమిటి?" అంటారు. పూతరేకులైతే ఇక చెప్పక్కర్లేదు, కాగితంలా ఉన్న స్వీట్‌ను బియ్యప్పిండి నీళ్లతో కుండ మీద ఎలా తీస్తారో చెప్పేసరికి నలుగురు చేరతారు. పేకాట డబ్బులు పెట్టి మాత్రం ఆడొద్దు, అక్కడ జూదం నేరం.

మాట ఎలా మొదలుపెట్టాలి? "ఎక్కడి నుంచి వచ్చారు?" అందరూ అడుగుతారు, జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. దానికంటే బాగా పనిచేసేవి ఇవి:

- "ఈరోజు ఎక్కడికి వెళ్లారు? బాగుందా?"
- "ఇక్కడికి ముందు ఏ ఊళ్లో ఉన్నారు? అక్కడ ఏ హాస్టల్?"
- "రేపు ఏమనుకుంటున్నారు?"

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ ప్రశ్నకు జవాబులోనే ఆహ్వానం ఉంటుంది. వాళ్లు పిలవకపోతే మీరే "నేనూ రావచ్చా?" అనండి. మనకిది చొరవ తీసుకుని మీద పడినట్టు అనిపిస్తుంది. హాస్టళ్లలో అలా అనుకోరు, ఆ బల్ల దగ్గర సగం మంది ఒంటరిగానే వచ్చి ఉంటారు.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు. మీ ఎదుట కూర్చున్న జర్మన్‌కీ, ఫ్రెంచ్‌వాడికీ, కొరియా అమ్మాయికీ అది సొంత భాష కాదు. చిన్న వాక్యాలు, నిదానంగా. అర్థం కాకపోతే "మళ్లీ చెప్పండి" అనండి. అర్థమైనట్టు తల ఊపితే రెండు నిమిషాల్లో మాట ఆగిపోతుంది.

అడగకూడనివి కూడా ఉన్నాయి. జీతమెంత, పెళ్లయిందా, పిల్లలెందుకు లేరు, వయసెంత అన్నవి మన దగ్గర ఆప్యాయతతో అడిగేవే. వాళ్లకు మాత్రం అవి ఇబ్బంది. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి.

6. ఎవరూ లేకపోతే

కొన్ని రాత్రులు కామన్ రూమ్ ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు:

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు హోన్ కియెమ్ చెరువు చుట్టూ వాహనాలు ఆపేస్తారు. ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేసుకోవాలని హనోయ్ విద్యార్థులు అక్కడికి వచ్చి, విదేశీయుల్ని పలకరిస్తారు. కూర్చుని మాట్లాడండి. వియత్నాం గురించి వాళ్లు చెప్పేంత ఏ గైడూ చెప్పడు. ఒకవేళ ఎవరైనా దూరంగా ఉన్న ఫలానా బార్‌కో, కేఫ్‌కో రమ్మని పట్టుబడితే మాత్రం వెళ్లొద్దు.

లేదా మర్నాడు ఉదయం వాకింగ్ టూర్‌కు పేరు ఇవ్వండి. హోయ్ ఆన్‌లో అయితే వంట క్లాసు. పొద్దున్నే మార్కెట్‌కు తీసుకెళ్లి కూరగాయలు కొనిపించి, తర్వాత అందరిచేతా వండిస్తారు. చేతులకు పని ఉన్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి, బిడియస్తులకు నేను ముందు చెప్పేది ఇదే.

7. ఇద్దరు ముగ్గురు కుదిరాక కలిసి వెళ్లడానికి మూడు చోట్లు

నిన్ బిన్. హనోయ్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన చాంగ్ ఆన్ అక్కడే ఉంది. సున్నపురాయి కొండల కింది గుహల్లోంచి పడవలో తీసుకెళ్తారు. ఒక్కో పడవకు మామూలుగా నలుగురిని ఎక్కిస్తారు. ఒంటరిగా వెళ్తే ఎవరితోనో కలుపుతారు, కాబట్టి హాస్టల్లోనే ఇంకో ముగ్గుర్ని పోగుచేసుకోండి. ఎవర్నయినా పిలవడానికి మీకు ఇంతకంటే మంచి సాకు దొరకదు.

హువే నుంచి డానాంగ్ రైలు. సుమారు మూడు గంటలు. హాయ్ వాన్ కనుమ దగ్గర పట్టాలు సముద్రం పక్కనే వెళ్తాయి. డానాంగ్ దిగితే హోయ్ ఆన్ దగ్గరే.

హా జాంగ్ లూప్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. హనోయ్‌కి ఉత్తరాన, చైనా సరిహద్దు దగ్గరి కొండల్లో మూడు నాలుగు రోజుల మోటార్‌సైకిల్ చుట్టు ఇది. మా పి లెంగ్ కనుమ నుంచి కింద న్యో క్వే నది కనిపిస్తుంది. పగలు ప్రయాణం, రాత్రి స్థానికుల ఇంట్లో అందరూ ఒకే బల్ల మీద భోజనం. మూడు రోజుల్లో కొత్తవాళ్లు ఎంత దగ్గరవుతారో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

బండి మాత్రం మీరు నడపొద్దు. మన దగ్గర ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ఒప్పందం కిందిది, వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కింది పర్మిట్‌ని. అంటే అది చూపించినా అక్కడ లైసెన్స్ లేనట్టే లెక్క. పోలీసులు జరిమానా వేస్తారు, అంతకంటే ముఖ్యంగా పడితే ఇన్సూరెన్స్ డబ్బు రాదు. "అందరూ నడుపుతున్నారు కదా" అని హాస్టల్లో ఎవరైనా అంటారు. ఎయిర్ లిఫ్ట్ బిల్లు మీ అమ్మానాన్నల దగ్గరికి వెళ్తుందని గుర్తుంచుకోండి. ఈజీ రైడర్ అని స్థానిక డ్రైవర్ వెనక కూర్చునే ఏర్పాటు ఉంది. ఖర్చు ఎక్కువే, పెట్టండి. కొండలు చూడటానికి కళ్లు ఖాళీగా ఉంటాయి కూడా.

8. తాగడం, తాగకపోవడం

రాత్రి భోజనాల్లో జొన్నరొట్టె వేళకి మజ్జిగ ఇచ్చినంత మామూలుగా చిన్న గ్లాసుల్లో మొక్కజొన్న సారా పోస్తారు. 'మోత్, హాయ్, బా' అని ఒకటి రెండు మూడు లెక్కపెట్టి గ్లాసులెత్తుతారు. తాగే అలవాటు లేనివాళ్లు నీళ్లో జ్యూసో పోసుకుని అదే గ్లాసు ఎత్తండి. లెక్క అందరితో పాటు గట్టిగా చెప్పండి, చాలు. ఎందుకు తాగవని సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

తాగేవాళ్లు సీల్ ఉన్న బీరు, క్యాన్ వరకే ఉండండి. ఉచితంగా పోసే షాట్లు వద్దు. 2024 నవంబరులో పక్కదేశం లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ కల్తీ మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇలాగే తిరగడానికి వచ్చిన పిల్లలే. తాగాక చూపు మసకబారినా, కడుపునొప్పి, వాంతులు తగ్గకుండా ఉన్నా హ్యాంగోవర్ అనుకుని పడుకోకండి, పడుకోనివ్వకండి. వెంటనే ఆసుపత్రి. అంబులెన్స్ నంబరు 115, పోలీసులు 113.

బార్లలో బెలూన్లలో ఇచ్చే లాఫింగ్ గ్యాస్, ఈ-సిగరెట్లు 2025 నుంచి అక్కడ నిషేధం. తాగి బండి నడిపితే ఎంత తక్కువ తాగినా నేరమే.

9. గదిలో మర్యాద

స్నేహాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. మనవాళ్ల గురించి హాస్టళ్లలో వినిపించే ఫిర్యాదులు ఇవి: గదిలో స్పీకర్ పెట్టి ఇంటికి వీడియో కాల్, తెల్లవారుజామున లైట్ వేయడం, ప్లాస్టిక్ కవర్ల చప్పుడు. మూడింటికీ మందు తేలిక. మాట్లాడాలంటే బయటికి వెళ్లండి. పొద్దున్నే బయల్దేరాలంటే బ్యాగు ముందు రాత్రే సర్దేయండి. కవర్ల బదులు గుడ్డ సంచులు వాడండి.

ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలో ముందే నిర్ణయించుకోండి. అక్కడి టైమ్ మనకంటే గంటన్నర ముందు. సాయంత్రం కాల్ పెట్టుకుంటే సరిగ్గా కామన్ రూమ్ నిండే వేళ అది మింగేస్తుంది. అక్కడ ఉదయం ఎనిమిదంటే ఇక్కడ ఆరున్నర, అమ్మ లేచే ఉంటుంది. ఏ హాస్టల్లో ఉన్నారో పేరు, చిరునామా మారినప్పుడల్లా ఇంట్లో ఒకరికి పంపండి. నిర్ణయించిన టైమ్‌కి తప్పకుండా చేయండి, అప్పుడే వాళ్లు మిగతా రోజంతా నిశ్చింతగా ఉంటారు.

హాస్టల్లో తెలుగువాళ్లు కనిపిస్తే సంతోషంగా కలవండి. కానీ బల్ల దగ్గర వేరే దేశాలవాళ్లు ఉన్నప్పుడు తెలుగులోకి మారిపోతే వాళ్లు మెల్లగా లేచి వెళ్లిపోతారు.

10. డబ్బు

లక్ష డాంగ్‌లంటే సుమారు 340 రూపాయలు. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలంగానే ఉంటాయి. రాత్రిపూట టాక్సీలో ఒకటనుకుని ఇంకొకటి ఇచ్చేయడం చాలామందికి జరుగుతుంది. పెద్ద నోటు వేరే అరలో పెట్టండి.

కలిసి తిన్నప్పుడు ఎవరిది వాళ్లే ఇచ్చుకుంటారు. "నేనిస్తాలే" అని మొత్తం కట్టేస్తే ఎదుటివాళ్లు రుణపడ్డట్టు ఇబ్బంది పడతారు. టికెట్లు ఒకరే తీస్తే అదే రోజు లెక్క తేల్చుకోండి. రెండు రోజుల పరిచయస్తులకు కార్డు ఇవ్వడం, అప్పు ఇవ్వడం వద్దు.

పాస్‌పోర్ట్: విదేశీ అతిథుల వివరాలు పోలీసులకు నమోదు చేయాలి కాబట్టి హాస్టల్లో అడుగుతారు. రాసుకున్నాక తిరిగి అడిగి తీసుకోండి. హో చి మిన్ సిటీలో రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడొద్దు, బండి మీద వచ్చి లాక్కుపోతారు.

11. శాకాహారులకు

'అన్ చై' అంటే శాకాహారం తినడం. వియత్నామీ లిపిలో ఆ మాట ఫోన్లో రాసి పెట్టుకుని చూపించండి, నోటితో చెప్తే స్వరం తేడా వచ్చి అర్థం కాకపోవచ్చు. 'చై' అని బోర్డున్న చిన్న హోటళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. చాంద్రమాన నెలలో 1వ, 15వ రోజుల్లో చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇంకా ఎక్కువ దొరుకుతుంది. కూరగాయలతో చేసిందే అయినా చేపల సాస్ వేస్తారు, అది కూడా వద్దని విడిగా చెప్పాలి. హాస్టల్ భోజనానికి పేరు రాయించేటప్పుడే ఈ సంగతి చెప్పండి.

సరిగ్గా జరుగుతోందా? ఇలా చూసుకోండి

రెండో రోజు రాత్రికి: గదిలో కనీసం ఒకరి పేరు మీకు, మీ పేరు వాళ్లకు తెలిసి ఉండాలి. "రేపు ఏమనుకుంటున్నారు?" అని మీరు కనీసం ముగ్గుర్ని అడిగి ఉండాలి. అడిగినా కుదరకపోతే ఫరవాలేదు. అడగకపోతే పద్ధతి ఇంకా మొదలు కానట్టే.

మూడో రోజుకు: ఎవరితోనైనా ఒక పూట బయటికి వెళ్లి, విడిపోయేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో కలుపుకుని ఉండాలి. తర్వాతి ఊరు ఏదో వాళ్లకు చెప్పారా? దారి ఒకటే కాబట్టి ముందు వెళ్లినవాళ్లు అక్కడి మంచి హాస్టల్ పేరు పంపుతారు. రెండో బుకింగ్ ఆ మెసేజ్ వచ్చాక చేయండి. అది కూడా రెండు రాత్రులకే.

అతుక్కుపోయే మనిషి తగిలితే, "రేపు నేను ఒక్కడినే తిరుగుతాను" అని సూటిగా చెప్పండి, అబద్ధం అక్కర్లేదు. ఎవరి ప్రవర్తనైనా భయం కలిగిస్తే రిసెప్షన్‌కు చెప్పి బెడ్ మార్పించుకోండి. రాత్రి రెండైనా సరే, లేపి చెప్పండి.

మూడు రోజులైనా ఒక్క పరిచయమూ కాకపోతే ఊరు మార్చకండి, హాస్టల్ మార్చండి. అదే పాతబస్తీలో నాలుగు వీధుల అవతల ఇంకో కామన్ రూమ్ ఉంటుంది. ఈసారి చెక్ ఇన్ మధ్యాహ్నం కాకుండా సాయంత్రం అయిదింటికి పెట్టుకోండి, బ్యాగు గదిలో పడేసి నేరుగా బల్ల దగ్గరికి రావచ్చు.